తాబేలు పదకొండుసార్లు

“పదకొండుసార్లు!” ఇన్‌స్పెక్టర్ ఫ్రేటస్ బల్లమీద గుద్దాడు. “రెండు నెలల్లో ఇరవై అయిదో నంబరు పదకొండుసార్లు వచ్చింది. పదకొండుసార్లూ గెలిచింది ఈ సూక్‌దేవే. ఇంకేం రుజువు కావాలమ్మా నీకు?”

ఆ బల్ల నాది. స్టేషను నాది. గుద్దినప్పుడు ఒలికిన కాఫీ కూడా నాదే. రాజధాని పోర్ట్ ఆఫ్ స్పెయిన్ నుంచి జీపేసుకొచ్చిన ఈ మహానుభావుడు మూడు రోజులుగా నా కుర్చీలో కూర్చుని, నా ఊరి మనిషిని ఉరికంబం ఎక్కించే పనిలో ఉన్నాడు. నాకు ఒళ్లు మండిపోతోంది.

“సార్జెంట్ నొరేగా అనండి సార్,” అన్నాను. “అమ్మా అని పిలిస్తే మా అమ్మ వస్తుంది. ఆవిడకి నా అంత ఓపిక లేదు.”

లాకప్పులోంచి సూక్‌దేవ్ కిసుక్కున నవ్వాడు. చావు నెత్తిమీదున్నా నవ్వగలిగిన మనిషి. వేకువన చేపలు పడతాడు, ఎండెక్కాక పడవలు బాగుచేస్తాడు. బయట మెట్లమీద అతని పెళ్లాం రూక్మిన్ అన్నం డబ్బా ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ఆమె నవ్వలేదు. సాయంత్రం నాలుగింటికి మొగుణ్ణి జీపెక్కించి పట్నం జైలుకి పంపిస్తారని ఆమెకి తెలుసు. మా దేశంలో హత్యకి ఉరి. పట్నం జైలుకి పోయాక వెనక్కొచ్చిన పేదవాణ్ణి నేనింకా చూడలేదు.

చచ్చిపోయింది కాన్రాడ్. ఊరి పైన మిట్టమీద కోకో గింజలు ఎండబెట్టే కొట్టులో పనివాడు. మంగళవారం మధ్యాహ్నం ఆ గింజల మీదే బోర్లా పడి కనిపించాడు. తల వెనక దెబ్బ. పక్కన సూక్‌దేవ్ చెక్కసుత్తి. బిగించిన పిడికిట్లో ముప్పై ఆరు అని రాసిన చీటీ ఒకటి.

“వినండి సార్జెంట్,” అని ఫ్రేటస్ వేళ్లు మడవడం మొదలెట్టాడు. “మీ ఊళ్లో వే-వే అనే దొంగ లాటరీ నడుస్తోంది. పొద్దున్నే దాన్ని నడిపేవాడు ఒక నంబరు రాసి డబ్బాలో వేసి తన పెరట్లో చూరుకి వేలాడదీస్తాడు. సాయంత్రం అందరి ముందూ విప్పుతాడు. అంతేగా? ఆ పెరడు కోకో కొట్టు పైనుంచి కనిపిస్తుంది. కాన్రాడ్ ఎలాగో నంబరు ముందే తెలుసుకుని సూక్‌దేవ్‌కి చెప్పేవాడు. పంపకాల దగ్గర చెడింది. సోమవారం రాత్రి రమ్ము కొట్లో ఇద్దరూ అరుచుకున్నారు. మంగళవారం పదకొండింటికి వీడు మిట్ట ఎక్కుతుంటే చూసినవాళ్లున్నారు. పన్నెండింటికి శవం దొరికింది. ముప్పై ఆరు నంబర్లలో ఒకటి రెండు నెలల్లో ఒకసారి వస్తుంది, మహా అయితే రెండుసార్లు. పదకొండుసార్లు రావాలంటే దొంగతనం ఉండాలి.”

“లెక్క బాగానే వచ్చు సార్ మీకు. మా ఊరే రాదు.”

“అంటే?”

“గాజుబుడ్డిలో బంతులు తిప్పి తీసే లాటరీ ఉందనుకోండి. బంతికి నిన్నటి సంగతి గుర్తుండదు. అందులో ఏ నంబరు ఎన్నిసార్లొచ్చినా దానికి అర్థం లేదు. ఇక్కడ బంతుల్లేవు, ఒక మనిషున్నాడు. ఆట నడిపే బాస్ మోంటీ తన చేత్తో తానే ఎంచుకుంటాడు. మనిషి చేతిలోంచి ఒకే నంబరు మళ్లీ మళ్లీ వస్తోందంటే అది వాడి అలవాటు. ఆ అలవాటు ఎందుకు పడిందో అడగాలి. మీరు గెలిచినవాణ్ణి పట్టుకున్నారు. ఇస్తున్నవాణ్ణి అడిగారా?”

“మోంటీ పెద్దమనిషి. చర్చికి గంట చేయించాడు.”

“అవును సార్. గంట శబ్దానికి చాలామంది చెవులు మూసుకుపోయాయి.”

అతను మొహం తిప్పుకున్నాడు. నేను లాకప్పు ఊచల దగ్గరికి వెళ్లాను.

“ఏరా సూక్‌దేవ్, రోజూ తాబేలే ఎందుకు ఆడతావు?” అని అడిగాను. మాకు ప్రతి నంబరుకీ ఒక మార్కుంటుంది. ఇరవై అయిదంటే తాబేలు.

“మా చిన్నదాని తాబేలుంది కదక్కా, వంటింట్లో తిరుగుతుంటుంది. పొద్దున్నే పడవ దగ్గరికి పోయేటప్పుడు అదే ఎదురొస్తుంది. అదే ఆడతాను. ఊళ్లో అందరూ నవ్వుతారు. వచ్చిన ప్రతిసారీ, ఇక అయిపోయిందిరా, అంత నెమ్మది తాబేలు మళ్లీ రావాలంటే నెల నడవాలి అంటారు. అందుకని ఇంకెవరూ ఆడరు. పది సెంట్లు పెడతాను, వస్తే వస్తుంది.”

“సోమవారం రాత్రి గొడవేంటి?”

అతని మొహంలో నవ్వు పోయింది. “కాన్రాడ్ నన్ను ఆట మానెయ్యమన్నాడు. ‘ఆ డబ్బాని నమ్మకు, ఈ పిచ్చి కట్టిపెట్టు’ అన్నాడు. నా గెలుపు చూసి ఓర్వలేకపోతున్నావురా అన్నాను. తిట్టాను కూడా. వాడితో నేను మాట్లాడిన ఆఖరి మాట అదే అక్కా.”

“మంగళవారం మిట్ట ఎందుకెక్కావు?”

“వేకువనే సముద్రం మీదికి పోయాను, మేం నలుగురం. పదింటికి ఒడ్డుకొచ్చాం. నా సుత్తి కాన్రాడ్ దగ్గరుంది, కొట్టు కప్పు పట్టాలు వంగాయని అడిగి తీసుకున్నాడు. దాన్ని తెచ్చుకుందామని వెళ్లాను. పిలిస్తే పలకలేదు. కోపంలో ఉన్నాడనుకుని తిరిగొచ్చేశాను. అరుగెక్కి చూసుంటే…”

“విన్నారా?” అన్నాను ఫ్రేటస్ వైపు తిరిగి. “కొట్టు తాళం ఇవ్వండి.”

“నేనూ వస్తాను,” అన్నాడు నవ్వుతూ. “ఊళ్లో వాళ్ల డిటెక్టివ్ పని ఎలా ఉంటుందో చూసి చాలా రోజులైంది.”

మిట్ట ఎక్కేసరికి అతనికి ఆయాసం వచ్చింది, నాకు హుషారొచ్చింది. కోకో కొట్టంటే నేలకి ఎత్తుగా వేసిన చెక్క అరుగు. దానిమీద పట్టాలమీద జరిగే రేకుల కప్పు. తెల్లారగానే కప్పు వెనక్కి నెట్టి గింజల్ని ఎండకి వదులుతారు. చినుకు పడితే పరిగెత్తుకొచ్చి మూస్తారు. మంగళవారం శవాన్ని తీయగానే ఫ్రేటస్ కప్పు మూయించి, చుట్టూ చెక్కలు కొట్టించి, తాళం వేయించాడు. సాక్ష్యాలు కాపాడటానికట.

తలుపు తీయగానే గుప్పున ముక్కిన వాసన కొట్టింది. ఇన్‌స్పెక్టర్ చేతిరుమాలు ముక్కుకి అడ్డం పెట్టుకున్నాడు. నేను టార్చి వేసి చూసి, అలాగే నిలబడిపోయాను. తర్వాత గట్టిగా నవ్వేశాను.

“ఏమైంది?”

“దగ్గరికొచ్చి చూడండి సార్. మీరు కాపాడిన సాక్ష్యం.”

అరుగంతా తెల్లగా బూజు పట్టింది, ఎవరో పిండి చల్లినట్టుంది. మధ్యలో ఒక్కచోట మాత్రం లేదు. అక్కడ గింజలు శుభ్రంగా, ఎర్రమట్టి రంగులో మెరుస్తున్నాయి. తల, భుజాలు, చాపిన చెయ్యి, రెండు కాళ్లు. కాన్రాడ్ ఎలా పడ్డాడో అలా.

“ఇదేంటి?” అన్నాడు ఫ్రేటస్. గొంతులో వెటకారం కొంచెం తగ్గింది.

“తడిసిన కోకో గింజని మూసిపెడితే బూజు పడుతుంది. ఎండిన గింజకి పట్టదు. ఈ వారమంతా వాన పడింది ఒక్కసారే, మంగళవారం పొద్దున ఏడింటికి. నా గొడుగు విరిగింది, నాకు బాగా గుర్తు. అన్ని గింజలూ తడిశాయి, కాన్రాడ్ కిందున్నవి తడవలేదు. అంటే ఏడింటికే వాడు ఇక్కడ పడున్నాడు. ఆ టైములో సూక్‌దేవ్ నడిసముద్రంలో ఉన్నాడు, పక్కన ముగ్గురు సాక్షులు.”

అతను వంగి శుభ్రమైన గింజ ఒకటి, బూజుగింజ ఒకటి చేతిలోకి తీసుకుని చూశాడు.

“అసలు ఇంత దూరం రానే అక్కర్లేదు సార్. చినుకు పడుతుంటే కప్పు తెరిచే ఉంది. ప్రాణమున్న కాన్రాడ్ కోకోని తడవనిస్తాడా? పెళ్లి పీటలమీంచి లేచొచ్చి కప్పు మూసిన మనిషి వాడు. ఈ మాట ఊళ్లో ఎవర్నడిగినా చెప్పేవాళ్లు. మీరు అడగలేదు.”

ఫ్రేటస్ చేతిరుమాలు మడిచి జేబులో పెట్టుకున్నాడు. “బూజు కోర్టుకొచ్చి సాక్ష్యం చెప్పదు సార్జెంట్. జడ్జి నవ్వుతాడు. సూక్‌దేవ్ కాకపోతే ఎవరో చెప్పు. పేరు చెప్పగలవా?”

నేను టార్చి ఆర్పేశాను.

“నాలుగింటికి జీపు బయల్దేరుతుంది,” అని దిగిపోయాడు.

వాడి వీపు చూస్తూ పళ్లు నూరుకున్నాను. తర్వాత కప్పు నెట్టే నిచ్చెన ఎక్కాను. రోజూ కాన్రాడ్ నిలబడే చోట నిలబడి చూశాను. సరిగ్గా కింద, రాయి విసిరితే పడేంత దూరంలో, బాస్ మోంటీ పెరడు. అరటి చెట్లు, కోళ్ల గూడు, చూరుకి వేలాడుతున్న బిస్కెట్ల డబ్బా. డబ్బాలో చీటీ మీద ఏముందో ఇక్కణ్ణుంచి ఎంత కళ్లున్నవాడికైనా కనపడదు. కాన్రాడ్ నంబరు చూసేవాడన్న ఫ్రేటస్ మాట శుద్ధ అబద్ధం. కానీ మోంటీ డబ్బాని వేలాడదీయడం మాత్రం పూర్తిగా కనపడుతుంది. మూత తీయడం, మూయడం, చేతులు రెండూ. ‘ఆ డబ్బాని నమ్మకు.’ ఏం చూశావురా కాన్రాడ్?

“పిల్లా, ఆ నిచ్చెన విరుగుతుందే! నీ బరువు కోకోబస్తా బరువు కాదు!”

కింద ఎనిడ్ అత్త. డెబ్భై ఏళ్ల మనిషి, నోరు ఇరవై ఏళ్లది. మోంటీ తరఫున ఇల్లిల్లూ తిరిగి పందేలు రాసుకునేది ఆవిడే. నేను పోలీసునని తెలిసీ రోజూ నా ఎదురుగుండానే తిరుగుతుంది, నేను రోజూ ఆకాశంలో మబ్బులు చూస్తుంటాను.

“ఏంటత్తా, ఇవాళ వ్యాపారం జోరేనా?” అన్నాను దిగుతూ.

“జోరా! కాన్రాడ్‌ని ఇవాళే కదే పూడుస్తున్నారు. ఊరంతా నాలుగే. ముసలీ ముతకా అందరూ శవం మీదే పెట్టారు. రాసీ రాసీ చెయ్యి పడిపోయింది.” నాలుగంటే శవం. ఊళ్లో ఎవరైనా పోతే ఎవరికీ ఇంకో మార్కు తోచదు.

“మోంటీ నాలుగుని మూయలేదా మరి?” ఆట నడిపే బ్యాంకర్‌కి భయమేస్తే ఒక మార్కుని ఆ రోజుకి మూసేస్తాడు. దానిమీద పందెం తీసుకోడు.

“ఇవాళ తెరిచే ఉంచాడు. మంగళవారమే మూశాడు.” ఆవిడ గొంతు తగ్గించి, శిలువ గుర్తు వేసుకుంది. “ఆయనకి దివ్యదృష్టి ఉందే పిల్లా. ఊరంతా అదే అనుకుంటోంది. మంగళవారం పొద్దున్నే నేను పందేలకి బయల్దేరుతుంటే పిలిచి, ‘ఎనిడ్, ఇవాళ నాలుగు తీసుకోకు’ అన్నాడు. ఎందుకయ్యా, ఊళ్లో ఎవరూ పోలేదుగా అన్నాను. నవ్వాడు. మధ్యాహ్నానికి కాన్రాడ్ శవం దొరికింది! అందరూ నాలుగుకి ఎగబడ్డారు, నేను తీసుకోలేదు. నా ఒళ్లు జలదరించింది చూడు. దేవుడు చెప్తాడు ఆయనకి.”

ఆవిడ చెయ్యి గట్టిగా పట్టుకున్నాను. “అత్తా, ఎన్నింటికి చెప్పాడా మాట?”

“వాన వెలిసింది అప్పుడే. చెప్పులు చేత్తో పట్టుకుని వెళ్లాను.”

ఆవిడ్ని రెండు బుగ్గలమీదా ముద్దుపెట్టుకున్నాను. “ఛీ, ఏమైందే నీకు?” అని తుడుచుకుంది.

“దేవుడు కాదత్తా చెప్పింది,” అన్నాను. “పద. ఇవాళ నేనూ ఆడతాను.”

దారి పొడవునా తల పనిచేస్తూనే ఉంది. నాలుగు సంగతి తేలింది. తాబేలు సంగతి కూడా తేలాలి. ఊరంతా తాబేలు నెమ్మది అనుకుని వదిలేసింది. అందరూ వదిలేసిన మార్కే పదే పదే వస్తోంది. పొద్దున్నే రాసి డబ్బాలో వేసినవాడికి, ఆ రోజు ఎవరు ఏం ఆడతారో ఎలా తెలుస్తుంది? తెలియదు. అందరి పందేలూ చూశాకే తెలుస్తుంది. అంటే వాడు మార్కు ఎంచుకునేది పొద్దున కాదు. నడుస్తున్నదాన్ని పరిగెత్తాను.

సాయంత్రం గంట నాలుగు కావస్తుండగా మోంటీ పెరడు కిక్కిరిసిపోయింది. సమాధి దగ్గర్నుంచి నల్లబట్టల్తోనే వచ్చేశారు జనం. రోడ్డు కూడా నిండిపోవడంతో, కాస్త ముందే బయల్దేరిన పట్నం జీపు అక్కడే ఆగింది. వెనక సీట్లో బేడీలతో సూక్‌దేవ్, జీపు కమ్మీ పట్టుకుని రూక్మిన్. ఫ్రేటస్ హారన్ కొట్టిస్తున్నాడు. ఎవడూ కదలటం లేదు.

బాస్ మోంటీ వసారాలోంచి బయటికొచ్చాడు. నెరిసిన జుట్టు, మడత నలగని తెల్లచొక్కా, తేనె పూసిన గొంతు. నన్ను చూసి చేతులు చాపాడు.

“సార్జెంటమ్మా! ఇన్నాళ్లకి మా గుమ్మం గుర్తొచ్చిందా? ఏ మార్కు ఆడతావు తల్లీ?”

“నాలుగు. శవం.”

“ఆడు, ఆడు. ఇవాళ తెరిచే ఉంది.”

“మంగళవారం ఎందుకు మూశావు?”

మోంటీ నవ్వు చెదరలేదు. “కలొచ్చిందమ్మా. తెల్లబట్టల్లో ఎవరో మనిషి నా మంచం పక్కన నిలబడ్డాడు. దేవుడి హెచ్చరిక అనుకున్నాను.”

“ఆమెన్,” అన్నారు ఇద్దరు ముగ్గురు.

“నీ కల నీకొచ్చింది,” అన్నాను. “ఊరికి రాలేదు. మార్కు మూసేది ఊరు దానిమీద ఎగబడుతుందన్న భయంతో. నీ కలలో శవం ఉంటే ఊరు నాలుగు ఎందుకు ఆడుతుంది? ఊళ్లో శవం ఉంటేనే ఆడుతుంది. మంగళవారం వాన వెలిసేసరికి ఊళ్లో శవం ఉందని ఎవరికి తెలుసు? ఆ శవానికి తెలుసు పాపం, కానీ అది మాట్లాడలేదు. దాన్ని శవం చేసినవాడికి తెలుసు.”

ఈసారి నవ్వు చెదిరింది. ఎనిడ్ అత్త నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. “అమ్మో! నాతోనే చెప్పించాడు, నేనేమో దేవుడనుకున్నాను!”

“ఇదంతా ఏంటి సార్జెంట్?” జనంలోంచి తోసుకుంటూ వచ్చాడు ఫ్రేటస్. “నాకు దారి కావాలి. ఈ మాటల గారడీ కోర్టులో నిలవదు.”

“మీరు పేరడిగారు, చెప్పాను. ఇప్పుడు రుజువు అడగండి, అదీ ఇస్తాను.” నా ఊహ తప్పయితే నా ఉద్యోగం పోతుంది. అంతకన్నా ముందు జీపు వెళ్లిపోతుంది. గొంతు పెంచి ఊరందరికీ వినపడేలా అన్నాను: “ఈ ఆట చట్టానికి విరుద్ధం. ఇన్నేళ్లూ కళ్లు మూసుకున్నాను. ఇవాళ తెరుస్తున్నాను. మోంటీ, ఉన్నచోటే నిలబడు. ఇన్‌స్పెక్టర్ గారూ, పొడుగాటి మనిషి మీరు. ఆ డబ్బా దించండి.”

“దానిమీద చెయ్యి వెయ్యకూడదు!” మోంటీ అరిచాడు. “గంట నాలుగు కొట్టకుండా, నా చెయ్యి తప్ప వేరే చెయ్యి పడకూడదు. ఊరి కట్టుబాటు!”

“చూడనీ మోంటీ,” అంది గుంపులోంచి ఒక ముసలిగొంతు. “మా చీటీయేగా అందులో ఉంది.”

ఫ్రేటస్ ఒక్క క్షణం నా వైపు చూశాడు, ఒక్క క్షణం మోంటీ వైపు. మోంటీ నుదుటిన చెమట. మూర్ఖుడే కానీ ఫ్రేటస్ కూడా పోలీసే, చెమట చదవగలడు. వెళ్లి డబ్బా దించాడు. మూత తీశాడు. లోపలికి చూశాడు. తలకిందులు చేసి దులిపాడు.

ఏమీ రాలేదు.

“ఖాళీ,” అన్నాడు. అతని గొంతు అతనికే కొత్తగా వినిపించినట్టుంది.

ఆ పెరట్లో మూడొందలమంది ఉంటారు. ముందు వరసవాళ్లు మెడలు చాచి డబ్బాలోకి తొంగి చూశారు. తాతల కాలం నుంచి ఆ డబ్బాలో చీటీ ఉందన్న నమ్మకం మీదే ఊరు పొద్దున లేచేది. అబద్ధమాడినా, దొంగతనం చేసినా క్షమిస్తారేమో గానీ, బ్యాంకర్ డబ్బా ఖాళీగా వేలాడదీశాడంటే మా వాళ్లు క్షమించరు. రాత్రంతా కన్న కలల్ని ఖాళీ డబ్బా మీద పెట్టించాడు వాడు.

“డబ్బా ఖాళీ అయితే,” అన్నాను, “రోజూ నాలుగింటికి చదివే చీటీ ఎక్కణ్ణుంచి వస్తోంది? ఆ పెద్దమనిషి జేబులు చూడండి సార్.”

మోంటీ తేలుకుట్టిన దొంగలా నిలబడిపోయాడు. ఫ్రేటస్ కుడిజేబులో చెయ్యి పెట్టి గుడ్డసంచి ఒకటి లాగాడు. నేను వసారా అరుగుమీద అందులోని చీటీలు ఒక్కొక్కటే పరిచాను. ఒకటి జెర్రి, రెండు ముసలమ్మ, మూడు బండి… ముప్పై ఆరూ ఉన్నాయి. దాదాపు అన్నీ మాసిపోయిన చీటీలు. పాత చర్చి క్యాలెండరు అట్ట కోసి చేసినవి. వెనకంతా నీలిరంగు.

“తాబేలు చూడండి,” అన్నాను. ఇరవై అయిదో చీటీ మడతల దగ్గర చిరిగిపోయి పోగులు లేచింది. మిగతావన్నీ దానికన్నా కొత్తగా ఉన్నాయి. “ఇదీ మీ పదకొండుసార్ల రహస్యం. అందరి పందేలూ చేతికొచ్చాక, ఎవరూ ఆడని చీటీ తీసి చదివేవాడు. ఎవరూ ఆడనిది తాబేలు. సూక్‌దేవ్ పది సెంట్లు ఆడితే ఆడనిచ్చాడు. ఒక్కడైనా గెలవకపోతే ఆట ఎవరాడతారు? వాడు ఎర సార్. చేప మోంటీ బుట్టలో పడుతుంటే, మీరు ఎరని పట్టుకుని బేడీలు వేశారు.”

“కాన్రాడ్…” అన్నాడు ఫ్రేటస్ మెల్లగా.

“నిచ్చెన మీంచి చూశాడు. రోజూ మోంటీ డబ్బా మూత తీయడం, ఏమీ వెయ్యకుండా మూయడం. ముందు స్నేహితుడికి చెప్పబోయాడు, వాడు తిట్టాడు. తర్వాత మోంటీకే చెప్పి ఉంటాడు, ఊరి ముందు బయటపెడతానని. వేకువనే మోంటీ మిట్ట ఎక్కాడు. సుత్తి అక్కడే ఉంది. దిగొచ్చి నాలుగు మూయించాడు, శవం దొరికాక తనకి దివ్యదృష్టి ఉందని ఊరు అనుకోవాలని.”

“అన్నీ ఊహలు!” మోంటీ గొంతులో తేనె ఎండిపోయింది. “చీటీలున్నంత మాత్రాన హంతకుణ్ణా? నేనా మిట్ట ఎక్కనే లేదు!”

“ఒక్క చీటీ కొత్తగా ఉంది,” అన్నాడు ఫ్రేటస్.

నేను అనాల్సిన మాట అతనే అన్నాడు. నాకు కోపం రాలేదు. ముప్పై అయిదు చీటీలు మాసినవి, నీలిరంగువి. చివరిది తెల్లకాగితం, నిన్నో మొన్నో కత్తిరించినంత శుభ్రంగా ఉంది. ముప్పై ఆరు. గాడిద.

ఫ్రేటస్ తన చొక్కా జేబులోంచి చిన్న కవరు తీశాడు. మంగళవారం కాన్రాడ్ పిడికిలి విప్పి తీసిన చీటీ. పందెం చీటీ అనుకుని మూడు రోజులుగా గుండెల మీద పెట్టుకుని తిరిగాడు. దాన్ని తిప్పాడు. వెనక నీలిరంగు. తీసుకెళ్లి ముప్పై అయిదో చీటీ పక్కన పెట్టాడు. అట్ట కోసిన వంకర ఈ అంచుకీ ఆ అంచుకీ సరిపోయింది.

“లాక్కున్నాడు,” అన్నాను. “మోంటీ సంచిలోంచి ఒక్కటైనా లాక్కోవాలనుకున్నాడు. చచ్చినా వదల్లేదు.”

గుంపు కదిలింది. ఎవరో కర్ర తీశారు. మోంటీ గోడకి అంటుకుపోయాడు. “ఎవరూ ముట్టుకోవద్దు!” అని నేనూ ఫ్రేటసూ ఒకేసారి అరిచాం. మూడు రోజుల్లో మేం కలిసి అన్న మొదటి మాట అదే. అతను గబగబా జీపు దగ్గరికి వెళ్లి, తన చేత్తోనే సూక్‌దేవ్ బేడీలు విప్పాడు. అవే తెచ్చి మోంటీకి వేశాడు. రూక్మిన్ మొగుడి చేతులు పట్టుకుని మణికట్లు రుద్దుతూ, ఏడుస్తూ, తిడుతూ, అన్నం డబ్బా మూత తీసింది. “తిను ముందు! పొద్దుట్నుంచీ పట్టుకు తిరుగుతున్నాను!”

ఫ్రేటస్ నా ముందుకొచ్చి నిలబడ్డాడు. గొంతు సవరించుకున్నాడు. “సార్జెంట్ నొరేగా,” అన్నాడు. ఈసారి అమ్మా అనలేదు. “బల్లమీద గుద్దినందుకు…”

“ఒలికిన కాఫీకి బదులు ఇంకోటి ఇప్పించండి సార్, చాలు.”

“ఇదిగో, మీ మాటలు తర్వాత!” ఎనిడ్ అత్త చేతికర్ర నేలకేసి కొట్టింది. “టైము నాలుగు దాటింది. మార్కు చెప్పకుండా ఈ పెరట్లోంచి ఏ రోజూ జనం ఇంటికి పోలేదు. బ్యాంకర్ చేతులకి బేడీలున్నాయి. చీటీ నీ చేతిలో ఉంది ఇన్‌స్పెక్టరూ. చెప్పు. ఇవాళ ఏం వచ్చింది?”

మూడొందలమంది అతని వైపు చూశారు. పట్నం ఇన్‌స్పెక్టర్ దొంగ లాటరీ నంబరు చదవడమేమిటి? అతని ముఖం ఎర్రబడింది. నా వైపు చూశాడు. నేను ఆకాశంలో మబ్బులు చూస్తున్నాను.

ఫ్రేటస్ కాన్రాడ్ చీటీని రెండు చేతులతో పైకెత్తి పట్టుకున్నాడు.

“ముప్పై ఆరు,” అని అరిచాడు. “గాడిద!”

ఎవరూ ఆడలేదు ఆ మార్కు. ఊరంతా నాలుగు మీద పెట్టి ఓడిపోయింది. అయినా పెరడంతా ఒక్క అరుపు అరిచింది. టోపీలు పైకి లేచాయి. సూక్‌దేవ్ నోట్లో అన్నంతోనే ఏడుస్తూ, “కాన్రాడ్! కాన్రాడ్!” అని కేకలేశాడు. జనం అందుకున్నారు. మిట్టమీది కోకో కొట్టు దాకా వినపడేలా ఆ పేరు పిలిచారు. ఆ రోజు ఆ ఆటలో గెలిచింది వాడొక్కడే.